లాలాజల అమైలేజ్ 50 డిగ్రీల దగ్గర 37 కన్నా వేగంగా పనిచేస్తోంది. ఎక్కడ తప్పు?

బోర్డు_సుద్దముక్క
లాలాజలం, స్టార్చ్, అయోడిన్ ప్రయోగం. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ స్టార్చ్‌ని తెంచుతుంది; స్టార్చ్ ఉంటే అయోడిన్ నీలమవుతుంది, తెగిపోతే నీలం పోతుంది. ఒక్కో ట్యూబులో 1 శాతం స్టార్చ్ ద్రావణం 5 మి.లీ., దాంట్లో పదింతలు పలచన చేసిన లాలాజలం 1 మి.లీ. నిమిషానికో చుక్క తీసి తెల్ల టైలు మీద అయోడిన్ చుక్కలో కలిపితే నీలం పూర్తిగా పోవడానికి పట్టిన సమయం ఇదీ:

ఐస్ నీళ్ళలో: 20 నిమిషాలైనా నీలమే
గదిలో, 28 డిగ్రీలు: 9 నిమిషాలు
37 డిగ్రీలు: 5 నిమిషాలు
50 డిగ్రీలు: 3 నిమిషాలు

చిక్కులు మూడున్నాయి. ఒకటి, 37 దగ్గరే అన్నిటికన్నా వేగంగా పోవాలి కదా, 50 ఎలా గెలిచింది? రెండు, 5 నిమిషాలు మరగబెట్టిన లాలాజలం వేసిన ట్యూబుని మరుగు నీళ్ళలోంచి తీసి అయోడిన్ వేస్తే నీలం రానే లేదు. అంటే మరిగాక కూడా ఎంజైమ్ పనిచేసిందా? మూడు, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 1 మి.లీ. వేసిన ట్యూబులో మొదటి నిమిషానికే రంగు మాయం. క్షారంలో అమైలేజ్ పనిచేయదని పుస్తకంలో ఉంది. పిల్లలకి ఏమని చెప్పాలి?

క్యూటెన్
మాస్టారూ, మొదటిదాంట్లో తప్పేమీ లేదు. మీ అంకెలు చక్కగా ఉన్నాయి.

వేడి పెంచితే ఒకేసారి రెండు పనులు జరుగుతాయి. ఎంజైమ్, స్టార్చ్ అణువులు జోరుగా కదులుతాయి, గడప దాటేంత శక్తి ఉన్నవాటి వాటా పెరుగుతుంది. మామూలుగా 10 డిగ్రీలకి వేగం రెట్టింపు అవుతుంది. 28 నుంచి 37కి వస్తే 1.9 రెట్లు రావాలి. మీకు 9 నిమిషాలు 5 అయ్యాయి, అంటే 1.8 రెట్లు. రెండో పని, ప్రోటీన్ మడతలు విడిపోవడం. ఇది తక్కువ వేడిలో దాదాపు ఉండదు. ఒక హద్దు దాటాక మాత్రం విపరీతంగా పెరుగుతుంది. 37 నుంచి 50కి లెక్క ప్రకారం 2.5 రెట్లు రావాలి, అంటే 2 నిమిషాల్లో అయిపోవాలి. మీకు 3 పట్టింది. ఆ నిమిషం తేడాలో కొంత మడతలు విడిపోవడం వల్ల, కొంత నిమిషానికోసారే చూడటం వల్ల.

అసలు సంగతి ఏమిటంటే, అనుకూల ఉష్ణోగ్రత అని పుస్తకాలు ఇచ్చే అంకె ఎంతసేపు కొలిచారన్నదాన్ని బట్టి మారుతుంది. 3 నిమిషాల పందెంలో 50 గెలుస్తుంది. గంటల తరబడి సాగే పందెంలో 37 గెలుస్తుంది, ఎందుకంటే 50 దగ్గర ఉన్న ఎంజైమ్ దారిలోనే పాడైపోతూ ఉంటుంది. మన నోరు 37 దగ్గరుంది కాబట్టి పుస్తకం 37 అని రాసి ఊరుకుంది.

ఇది తేల్చే పద్ధతి ఉంది. స్టార్చ్ కలపకుండా ఒట్టి లాలాజలాన్ని ముందు 50 దగ్గర అరగంట, ఇంకో ట్యూబుని 60 దగ్గర అరగంట ఉంచండి. తర్వాత రెండిటినీ 37కి తెచ్చి, అక్కడే స్టార్చ్ కలిపి సమయం చూడండి. 5 నిమిషాలే పడితే ఎంజైమ్‌కి ఏమీ కాలేదు. 10 పడితే సగం పోయింది. రంగు అసలు మారకపోతే అంతా పోయింది. ఎంజైమ్ సగమైతే సమయం రెట్టింపవుతుంది, ఈ ఒక్క లెక్క చాలు.

వేలిముద్ర
క్షారంలో రంగు పోయిందంటే ఎంజైమ్ ఇంకా బాగా పనిచేసిందనే కదా? ప్రోటీన్‌ని జీర్ణంచేసే ట్రిప్సిన్ పీహెచ్ 8 దగ్గర, అంటే కొంచెం క్షారంలో, పనిచేస్తుంది. ఇదీ అలాంటిదేనేమో.

గాజునాళిక
కాదండీ. అక్కడ ఎంజైమ్ ఏమీ చేయలేదు, అయోడినే మాయమైంది. క్షారంలో అయోడిన్ అణువు అయోడైడ్‌గా, అయోడేట్‌గా విడిపోతుంది. అయోడిన్ లేకపోతే స్టార్చ్ ఎంతున్నా నీలం రాదు. నమ్మకం కలగకపోతే, లాలాజలం అసలు వేయని ఒట్టి స్టార్చ్‌లో అంతే సోడియం హైడ్రాక్సైడ్ వేసి చూడండి, అక్కడా రంగు రాదు. ఇప్పుడు ఆ తెల్లబోయిన చుక్కలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు మూడు చుక్కలు వేయండి. అయోడిన్ తిరిగి పుడుతుంది, నీలం తిరిగొస్తుంది. స్టార్చ్ అక్కడే ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రెండో చిక్కూ ఇలాంటి మోసమే. స్టార్చ్‌లో అమైలోజ్ గొలుసు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, ఆ స్ప్రింగు లోపల అయోడిన్ వరసగా కూర్చుంటేనే నీలం. వేడికి చుట్లు వదులై అయోడిన్ బయటికి వచ్చేస్తుంది. ఆ ట్యూబుని పారబోయకుండా కుళాయి కింద చల్లార్చి చూడండి, నీలం వచ్చి తీరాలి. అందుకే వేడి ట్యూబులో నేరుగా అయోడిన్ వేయకూడదు, చుక్క తీసి చల్లని టైలు మీదే చూడాలి.

మూడో మోసం ఒకటుంది, మీరింకా పడలేదు. ఆమ్ల పీహెచ్ కావాలని కొందరు నిమ్మరసం పిండుతారు. దాంట్లోని విటమిన్ సి అయోడిన్‌ని అయోడైడ్‌గా మార్చేస్తుంది, మళ్ళీ రంగు మాయం. వెనిగర్ వాడితే ఈ బాధ లేదు.

ప్రతి పీహెచ్‌కి, ప్రతి వేడికి ఎంజైమ్ లేని ట్యూబు ఒకటి పక్కన పెట్టకుండా ఈ ప్రయోగం చేయకండి. మొత్తానికి ఒక్క కంట్రోల్ పెట్టి చేతులు దులుపుకుంటారు, అది చాలదు.

బోర్డు_సుద్దముక్క
ధన్యవాదాలు. వేడి ట్యూబులోనే అయోడిన్ వేయడం జరిగింది, నిజమే. అయితే మొత్తం ప్రయోగాన్ని మొదటి నుంచి కొలతలతో ఎవరైనా రాస్తారా? గైడ్లలో ‘కొద్దిగా లాలాజలం, కొద్దిగా పిండి’ అని తప్ప ఏమీ లేదు.

మైక్రోపిపెట్
రాస్తున్నాను, కాస్త పొడుగ్గానే.

స్టార్చ్: 1 గ్రాము కరిగే స్టార్చ్‌ని 10 మి.లీ. చన్నీళ్ళలో ఉండలు లేకుండా జారుగా కలపండి. 90 మి.లీ. నీళ్ళు మరుగుతుండగా కలుపుతూ అందులో పోసి, రెండు నిమిషాలు ఉడికించి చల్లార్చండి. పొడిని నేరుగా వేడినీళ్ళలో వేస్తే ఉండకట్టి, ఉండ లోపలి పిండి ఎంజైమ్‌కి అందదు. ఏ రోజుది ఆ రోజే. మర్నాటికి సూక్ష్మజీవులు పట్టి వాటి అమైలేజ్ కూడా లెక్కలోకి వస్తుంది.

అయోడిన్: 2 గ్రాముల పొటాషియం అయోడైడ్‌ని 10 మి.లీ. నీళ్ళలో కరిగించి, అందులో 1 గ్రాము అయోడిన్ పూర్తిగా కరిగాక 300 మి.లీ.కి నింపండి. ఒట్టి నీళ్ళలో అయోడిన్ సరిగ్గా కరగదు, అందుకే అయోడైడ్ ముందు. టైలు మీదికి దీన్ని పదింతలు పలచన చేయండి, లేత గడ్డి రంగు చాలు. ముదురుగా ఉంటే దాని గోధుమరంగే చివరి దశని కప్పేస్తుంది.

లాలాజలం: నోరు రెండుసార్లు పుక్కిలించి, రెండు నిమిషాలు ఆగి, బీకరులో 2 మి.లీ. సేకరించి దూదిలోంచి వడకట్టండి. పలచన చేయడానికి డిస్టిల్డ్ వాటర్ వద్దు, 0.9 శాతం ఉప్పునీళ్ళు వాడండి. అమైలేజ్‌కి క్లోరైడ్ అయాన్ కావాలి. అది అందకపోతే ఎంజైమ్ ఉన్నా మందకొడిగా ఉంటుంది. ‘ఎంత శుభ్రమైన నీళ్ళు వాడితే ప్రయోగం అంత పాడైంది’ అని వచ్చే ఫిర్యాదుల వెనక ఉన్నది ఇదే. కాల్షియం కూడా కావాలి, కాకపోతే అది ప్రోటీన్‌లోనే గట్టిగా పట్టుకుని ఉంటుంది. లోహ అయాన్లని పట్టి లాగే ఈడీటీఏ వేస్తే తప్ప ఊడిరాదు.

అన్ని ట్యూబులకీ ఒకరి లాలాజలమే వాడాలి. ఇది చాలామంది వదిలేసే సంగతి. లాలాజల అమైలేజ్ జన్యువు మనిషికీ మనిషికీ వేర్వేరు సంఖ్యలో కాపీలుగా ఉంటుంది, రెండున్నవాళ్ళూ ఉన్నారు, పది దాటినవాళ్ళూ ఉన్నారు. ఒకరిది 37లో, ఇంకొకరిది 50లో పెడితే కొలిచింది ఉష్ణోగ్రతని కాదు, జన్యువుల్ని. ఇంకో మాట, ఎవరి లాలాజలం వాళ్ళే ముట్టుకోవాలి. అయిపోయాక గాజుసామాను బ్లీచింగ్ ద్రావణంలో ముంచాలి.

బఫర్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం): 0.2 మోలార్ సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 51 మి.లీ., 0.2 మోలార్ డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 49 మి.లీ. కలిపి 200 మి.లీ.కి నింపితే పీహెచ్ 6.8. అమైలేజ్‌కి సరిగ్గా సరిపోతుంది. పీహెచ్ 5 కావాలంటే మాత్రం అసిటేట్ బఫర్ చేసుకోండి. ఫాస్ఫేట్‌కి అక్కడ పట్టు ఉండదు, లాలాజలం పడగానే పీహెచ్ జారిపోతుంది.

ట్యూబు: స్టార్చ్ 5 మి.లీ., బఫర్ 2 మి.లీ. లాలాజలం వేరే ట్యూబులో. రెండిటినీ ఒకే వాటర్ బాత్‌లో 5 నిమిషాలు విడివిడిగా ఉంచి, అప్పుడు 1 మి.లీ. లాలాజలం పోసి వాచీ నొక్కండి. చన్నీళ్ళ ట్యూబుని బాత్‌లో పెట్టిన క్షణం నుంచే లెక్కపెడితే మొదటి రెండు నిమిషాలు దొంగలెక్క. థర్మామీటరు ఉండాల్సింది బాత్‌లో కాదు, నీళ్ళు పోసిన పక్క ట్యూబులో.

రంగుల వరస చూడండి: నీలం, ఊదా, ఎర్రటి గోధుమ, ఆఖరికి అయోడిన్ సొంత లేత పసుపు. ఎరుపు దశ అంటే గొలుసులు పొట్టివైపోయాయి, కానీ ఇంకా డెక్స్‌ట్రిన్లుగానే ఉన్నాయి. పసుపు దగ్గర ఆపాలి. ఒక్కో జట్టు ఒక్కో రంగు దగ్గర ఆపితే క్లాసంతా గొడవే. 2 నిమిషాల లోపే పసుపు వచ్చేస్తుంటే లాలాజలాన్ని ఇరవై ఇంతలు పలచన చేయండి, అప్పుడే తేడాలు విడివిడిగా కనిపిస్తాయి.

వేలిముద్ర
పీహెచ్ మారితే వేగం ఎందుకు పడిపోతుందో కూడా చెప్పండి. ‘ఎంజైమ్ చచ్చిపోతుంది’ అని రాస్తే మార్కులు వేస్తున్నారు.

క్యూటెన్
బతికి ఉంటేగా చావడానికి! 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్ కణాల్ని నూరి పిండిన రసంతోనే చక్కెర పులియబెట్టి చూపించాక, కిణ్వనానికి (పులియడానికి) బతికున్న కణమే కావాలన్న వాదం అక్కడితో ఆగిపోయింది.

అమైలేజ్ 496 అమైనో ఆమ్లాల గొలుసు. అంత గొలుసులో స్టార్చ్ బంధాన్ని తెంచే పని ముఖ్యంగా మూడింటిది: 197వ ఆస్పార్టిక్ ఆమ్లం, 233వ గ్లుటామిక్ ఆమ్లం, 300వ ఆస్పార్టిక్ ఆమ్లం. గొలుసు చాపితే ఇవి దూరదూరంగా ఉంటాయి, సరిగ్గా మడత పడితేనే ఒక గాడిలో పక్కపక్కన చేరతాయి. ఆ గాడే యాక్టివ్ సైట్. స్టార్చ్ గొలుసు అందులో ఇమిడినప్పుడు 233 ఒక ప్రోటాన్ ఇచ్చి బంధాన్ని బలహీనపరుస్తుంది, 197 అటు పక్క నుంచి చక్కెర కార్బన్‌ని పట్టుకుంటుంది. ఆ తర్వాత నీటి అణువు వచ్చి పట్టు విడిపిస్తుంది.

ఇప్పుడు పీహెచ్ సంగతి. ప్రోటాన్ ఇవ్వాలంటే 233 దగ్గర ప్రోటాన్ ఉండాలి, పట్టుకోవాలంటే 197 దగ్గర ఉండకూడదు. పీహెచ్ బాగా పెరిగితే 233 ప్రోటాన్ పోగొట్టుకుంటుంది, బాగా తగ్గితే 197కి ప్రోటాన్ అంటుకుంటుంది. రెండూ సరిగ్గా ఉండే సన్నని మధ్యమార్గం 6.8 చుట్టూ ఉంది. కొంచెం అటూ ఇటూ అయితే పీహెచ్ సరిచేయగానే వేగం తిరిగొస్తుంది. మరీ 2కో 12కో వెళ్తే మడతలే విడిపోతాయి, తర్వాత సరిచేసినా చాలావరకు లాభం ఉండదు. ‘పని ఆగడం’, ‘పాడైపోవడం’ ఈ రెండూ వేరు అని రాస్తే మార్కులు ఇవ్వాల్సిందే.

ఆల్ఫా 1,4 బంధాలే దీనికి లొంగుతాయి. కొమ్మలు పుట్టేచోట ఉండే 1,6 బంధం దగ్గర ఆగిపోతుంది. అందుకే చివరికి మిగిలేది ముఖ్యంగా మాల్టోజ్ (రెండు గ్లూకోజ్‌ల జంట), మాల్టోట్రయోజ్ (మూడింటిది), కొమ్మల ముక్కలు. గ్లూకోజ్ అని తప్పుగా రాసేవాళ్ళు ఎక్కువ.

బోర్డు_సుద్దముక్క
ఇంకోటి. స్టార్చ్‌ని 1 నుంచి 2 శాతానికి పెంచితే వేగం పెరుగుతుందంటారు. కానీ రంగు పోవడానికి ఇంకా ఎక్కువ సమయం పట్టింది.

మైక్రోపిపెట్
పట్టాలి మరి. తెంచాల్సిన సరుకు రెట్టింపైంది కదా. రంగు పోయే సమయం ఎంజైమ్ మోతాదుల్నో, పీహెచ్‌లనో పోల్చడానికి పనికొస్తుంది. స్టార్చ్ మోతాదుని మార్చినప్పుడు అది పనికిరాదు. దానికి మొదటి ఒకటి రెండు నిమిషాల్లో ఎంత మాల్టోజ్ పుట్టిందో కొలవాలి. 1 మి.లీ. నమూనాలో మాల్టోజ్ లాంటి చక్కెరతో రంగు మారే డీఎన్ఎస్ రీఏజెంట్ 1 మి.లీ. పోసి, 5 నిమిషాలు మరుగునీళ్ళలో ఉంచి, చల్లార్చి, రంగు ఎంత ముదిరిందో 540 నానోమీటర్ల దగ్గర చదవాలి. ఆ రీఏజెంట్ క్షారానికీ మరుగుకీ ఎంజైమ్ అక్కడే ఆగిపోతుంది, వేరే బ్రేకు అక్కర్లేదు.

అలా కొలిస్తే 1913లో మైకేలిస్, మెంటెన్ చెప్పిన వంపు వస్తుంది. గరిష్ఠ వేగంలో సగం వచ్చే మోతాదుని కేఎం అంటాం. మోతాదు కేఎంకి రెట్టింపైతే 67 శాతం, నాలుగు రెట్లయితే 80, తొమ్మిది రెట్లయితే 90. ఆ పైన ఎంత గుమ్మరించినా పెద్దగా లాభం లేదు. గాడులన్నీ నిండిపోయాయి, ఇక ఎంజైమ్ పెంచాల్సిందే.

కార్బాయిల్_క్లాంప్
ఇన్హిబిటర్ల (ఎంజైమ్ పనిని అణిచే పదార్థాల) మాట రాలేదు. ప్రయోగానికైతే 1 శాతం కాపర్ సల్ఫేట్ రెండు చుక్కలు వేయండి, రంగు పోవడం ఆగిపోతుంది. అది కాపర్ వల్లే, సల్ఫేట్ వల్ల కాదని చూపడానికి పక్క ట్యూబులో సోడియం సల్ఫేట్, క్లోరైడ్ ప్రభావానికి సోడియం క్లోరైడ్. నాలుగోది ఒట్టి నీళ్ళు. ఈ నాలుగు ట్యూబులు పక్కపక్కన పెడితే పాఠం వేరే చెప్పక్కర్లేదు. వీటికి మాత్రం లాలాజలాన్ని డిస్టిల్డ్ వాటర్‌తోనే పలచన చేయాలి, లేకపోతే క్లోరైడ్ తేడా కనిపించదు.

పోటీపడే ఇన్హిబిటర్‌కి ఉదాహరణ అడిగితే మనవాడినే చెప్పండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే మందుల సంస్థలో పరిశోధనకి నాయకత్వం వహించినప్పుడు అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకి వాడి, తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. చూడ్డానికి ఫోలిక్ ఆమ్లంలా ఉంటుంది, డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ గాడిలో దూరి అసలు సబ్‌స్ట్రేట్‌ని (ఎంజైమ్ పనిచేసే పదార్థాన్ని) రానివ్వదు. డీఎన్ఏ ముడిసరుకు ఆగిపోయి, వేగంగా పెరిగే కణాలు ముందు దెబ్బతింటాయి. మామూలు పోటీలో సబ్‌స్ట్రేట్ పెంచితే ఇన్హిబిటర్ తప్పుకుంటుంది, కేఎం పెరిగినట్టు కనిపించినా గరిష్ఠ వేగం అదే. మెథోట్రెక్సేట్ పట్టు మరీ గట్టిది, అందుకే డాక్టర్లు ఆ ఎంజైమ్ అవసరమే లేని ల్యూకోవోరిన్ ఇచ్చి పక్కదారిన రక్షిస్తారు.

ఫాస్ఫేట్‌ని కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి, 1925, కూడా ఆయనదే. ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌ల వేగం కొలవడానికి తరతరాల విద్యార్థులు వాడారు.

అంబలి
లాలాజలం వద్దనే బడులు ఉంటాయి కదా, వాళ్ళకి మొలకల దారి ఉంది. రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో రెండు రోజులు మొలకెత్తించి, నీడలో ఆరబెట్టి పొడి చేయండి. వేయించకూడదు, వేయిస్తే ఎంజైమ్ పోతుంది. 10 గ్రాముల పొడిని 100 మి.లీ. చన్నీళ్ళలో అరగంట ఉంచి వడకడితే అమైలేజ్ ద్రావణం సిద్ధం. 1833లో పాయెన్, పెర్సోజ్ మొలకెత్తిన బార్లీలోంచే డయాస్టేజ్‌ని వేరుచేశారు, ఇది ఆ దారే. చక్కెర ఉందో లేదో చూసే బెనెడిక్ట్ పరీక్ష చేసేవాళ్ళు జాగ్రత్త: మొలకల్లో చక్కెర ముందే ఉంటుంది, స్టార్చ్ కలపని కంట్రోల్‌ కూడా ఎర్రబడుతుంది.

ఇంకా మంచి దృశ్యం కావాలా? గరిటె నిలబడేంత చిక్కగా రాగి సంకటి ఉడికించి, 60 డిగ్రీలకి చల్లారాక మొలకల పొడి ఒక చెంచా వేసి కలపండి. కాసేపటికి గరిటెకి అడ్డం తగ్గుతుంది, ముద్దలు జారడం మొదలవుతుంది, ఆ తర్వాత పల్చటి జావలా కారుతుంది. నీళ్ళు ఒక్క చుక్క పోయలేదు. గొలుసులు తెగాయంతే. మరుగుతున్న సంకటిలో వేస్తే మాత్రం ఏమీ జరగదు.

వేలిముద్ర
వంటింట్లోకి వచ్చాం కాబట్టి: మటన్‌కి పచ్చి బొప్పాయి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టమంటారు కొందరు, రెండు గంటలు చాలంటారు ఇంకొందరు. ఏది నిజం?

క్యూటెన్
రెండూ దాదాపు ఒకటే. గది 30, ఫ్రిజ్ 4 అనుకుంటే, 10 డిగ్రీలకి సగం చొప్పున వేగం ఆరో వంతుకి పడిపోతుంది. ఫ్రిజ్‌లో 12 గంటలు, బయట 2 గంటలు. పాడవకుండా ఉండాలంటే ఫ్రిజ్జే మేలు.

కానీ పచ్చి బొప్పాయిలో ఉండే, ప్రోటీన్‌ని తెంచే ఎంజైమ్ పపెయిన్ అసలు జోరు 60, 70 డిగ్రీల మధ్య. అంటే సన్నని మంట మీద హండీ నెమ్మదిగా వేడెక్కేటప్పుడే ఎక్కువ పని జరుగుతుంది, మరుగు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. కుక్కర్‌లో ఆ దశ గబగబా దాటిపోతుంది. కిలోకి రెండు టేబుల్ స్పూన్ల ముద్ద మించితే పైపొర పిండిలా అయిపోయి లోపల గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే అంత పెద్ద ప్రోటీన్ అణువు కండలోకి లోతుగా దిగలేదు. ముక్కలు చిన్నవిగా కోయడమే మందు. పండిన బొప్పాయిలో పపెయిన్ చాలా తక్కువ, దానితో కుదరదు.

గాజునాళిక
వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్ళలో వేయడం కూడా ఇందులోకే వస్తుంది. నల్లబరిచేది పాలీఫినాల్ ఆక్సిడేజ్. నీళ్ళు ఆక్సిజన్‌ని ఆపుతాయి, ఉప్పులోని క్లోరైడ్ ఆ ఎంజైమ్‌ని అణుస్తుంది. అమైలేజ్‌ని పరిగెత్తించే క్లోరైడే ఇక్కడ కళ్ళెం వేస్తోంది, చూశారా.

బోర్డు_సుద్దముక్క
ఈ రోజు మళ్ళీ చేశాం. మరిగించిన ట్యూబు కుళాయి కింద పెట్టగానే అడుగు నుంచి నీలం కమ్ముకుంది. సోడియం హైడ్రాక్సైడ్ చుక్క ఆమ్లం తగలగానే నీలమైంది. 60 దగ్గర అరగంట ఉంచిన లాలాజలం 37కి తెచ్చాక కూడా 20 నిమిషాల్లో ఏమీ చేయలేదు. 50 దగ్గర ఉంచింది పనిచేసింది కానీ ఆలస్యంగా. ఐస్ ట్యూబు సంగతి ఎవరూ చెప్పలేదు, అదీ పాడైనట్టేనా?

మైక్రోపిపెట్
దాన్ని పారబోయకపోయి ఉంటే ఇప్పుడే 37 బాత్‌లో పెట్టి, వేడెక్కడానికి రెండు మూడు నిమిషాలు వదిలి, అక్కడి నుంచి చుక్కలు తీయండి.

బోర్డు_సుద్దముక్క
పెట్టాం. అయిదో చుక్కకి పసుపు.